యూనియన్ కార్డు

‘రోజీ ద రివెటర్’ని మీరు టీషర్టుల మీద చూసే ఉంటారు. తలకి ఎర్ర రుమాలు, బిగించిన పిడికిలి. నా పేచీ ఆ పేరుతోనే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన 2,710 లిబర్టీ ఓడల్లో ఇనపరేకుల్ని కలిపింది ఎక్కువగా రివెట్లు కాదు, వెల్డింగు.

రివెటింగ్ అంటే ముఠా పని. ఒకడు రివెట్లు కాల్చాలి, ఒకడు అందుకోవాలి, ఒకడు వెనకనించి అదిమిపట్టాలి, ఇంకొకడు కొట్టాలి. చెయ్యి తిరగడానికి ఏళ్ళు పట్టేది. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో యార్డులు పెట్టిన హెన్రీ కైజర్‌కి అంత టైము లేదు. అసలాయన ఆనకట్టలు కట్టిన కాంట్రాక్టరు, ఓడల మనిషే కాదు. పనికొచ్చినవాళ్ళు చూస్తే టెక్సస్, లూసియానా పల్లెలు వదిలొచ్చినవాళ్ళు, ఎన్నడూ ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్ళు. తల పైకెత్తి వెల్డింగ్ చెయ్యడం చాలా కష్టం, కరిగిన లోహం మీదికే జారుతుంది. అందుకని ఓడని ముక్కలుగా నేలమీద కట్టించి, క్రేనుతో తిరగేయించారు. ఇక కిందికి చూస్తూ అతుకు వేస్తే చాలు. ఇది వారాల్లో నేర్పొచ్చు. మనుషులకి తగ్గట్టు పనినే మార్చేశారన్నమాట. 1942 నవంబరులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే ఓడని అయిదు రోజులు నిండకుండానే నీళ్ళలోకి దింపారు. (ముక్కలు ముందే సిద్ధం చేసుకుని, ప్రచారం కోసం చేసిన విన్యాసం. అయినా సరే!)

పని వచ్చేసింది, మరి ఉద్యోగం? దానికి బాయిలర్‌మేకర్స్ యూనియన్ కార్డు కావాలి. ఏళ్ళతరబడి నేర్చిన విద్య ఇలా ముక్కలైపోతుంటే పాతవాళ్ళు బెదరడం నాకు అర్థమవుతుంది. కానీ మొదట రానివ్వని ఆడవాళ్ళకి 1942లో తలుపు తీసిన యూనియన్, నల్లవాళ్ళని మాత్రం వేరే ‘అనుబంధ శాఖ’ల్లోకి తోసింది. అక్కడ చందా ఉంది, యూనియన్ వ్యవహారాల్లో ఓటు లేదు. ఇది విద్య గురించిన భయం కాదు.

సాసలీటోలోని మారిన్‌షిప్ యార్డులో జోసెఫ్ జేమ్స్ అనే వెల్డర్ ఉండేవాడు, గాయకుడు కూడా. 1943లో ఆయనా, ఇంకా చాలామందీ ఆ చందా కట్టమన్నారు. యూనియన్ చెప్పింది, కంపెనీ పనిలోంచి తీసేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఉద్యోగాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న యూనియన్, జాతి చూసి సభ్యత్వం నిరాకరించడం కుదరదని 1944 చివర్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది.

మరుసటి ఏడే యుద్ధం ముగిసింది. 1946లో మారిన్‌షిప్ మూతపడింది. నల్లవాళ్ళలో చాలామంది దక్షిణాదికి తిరిగి వెళ్ళకుండా, యార్డు పనివాళ్ళకోసం కట్టిన మారిన్ సిటీలోనే ఉండిపోయారు.