కిక్రీ నుంచి సెల్‌ఫోన్ దాకా: ఆ వాయించేదెవరు?



మొన్న హాస్టల్‌లో రాత్రి కరెంటు పోయింది. తెల్లారితే పరీక్ష. ఒక తమ్ముడు తన ఫోన్‌లో దాచుకున్న దండారి వీడియో పెట్టిండు. గుమేల మోత వినబడగానే ఐదుగురం ఆ ఒక్క ఫోన్ చుట్టూ చేరినం. రెండు నిమిషాల వీడియో. ఆ రెండు నిమిషాలు పరీక్ష గుర్తు లేదు, ఉక్కపోత గుర్తు లేదు. మా ఊరి గుడి ముందు నిలబడ్డట్టే ఉంది. అయిపోయినంక ఒక కోయ తమ్ముడు అడిగిండు: "అన్నా, ఆ వాయించేదెవరు?"

ఎవరికీ తెలవదు. వీడియో కింద "ట్రైబల్ డాన్స్" అని రెండు మాటలు, అంతే. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ పోస్టు.

ఒకప్పుడు ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఆదిలాబాద్ గోండుల్లో ప్రతి కుటుంబానికీ వంశపారంపర్యంగా ఒక పర్ధాన్ ఉండేవాడు. విల్లుతో వాయించే మూడు తీగల కిక్రీ పట్టుకుని, పండుగకీ చావుకీ వచ్చి ఆ గోత్రం కథ పాడేవాడు. ఇంట్లో వాళ్లు ధాన్యమో, బట్టలో, పశువో ఇచ్చి పంపేవాళ్లు. తోటి కళాకారులదీ ఇలాంటి సంప్రదాయమే. ఇంకో విశేషం: ఇక్కడి పర్ధాన్లు చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, కానీ కథ పాడేది గోండీలో. మన చరిత్ర పుస్తకాల్లో కాదు, వాళ్ల గొంతులోనే నిలిచింది. పాడేవాడు ఎవరో వినేవాళ్లకి తెలుసు, వినేవాళ్లు ఏ గోత్రమో పాడేవాడికి తెలుసు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాత నిజాం సర్కారు గోండుల బాగోగులు చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి మనోళ్ల ఫోటోలు ఎన్నో తీసిండ్రు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. ఖాళీ దొరికితే చూడండి. ఒక ముఖం దగ్గర ఆగిపోతారు, అచ్చం మన నానమ్మలాగే ఉందే అనిపిస్తది. అదొక సంతోషం. కానీ ఫోటోలో డోలు కనబడుతుంది, మోత వినబడదు.

మోత వినిపించింది రేడియో. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండీ కార్యక్రమం వస్తుంటే, "మన మాట డబ్బాలో వస్తోంది" అని పెద్దోళ్లు చెవి ఒగ్గి వినేవాళ్లంట. అయితే రేడియోలో మనం వినడమే, తిరిగి చెప్పే వీలు లేదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర ఆ వీలు ఇచ్చింది. దానికి నెట్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. ఫోన్ చేసి ఊరి సమస్య చెప్పొచ్చు, పాట కూడా పాడొచ్చు, తర్వాత ఇంకొకరు ఫోన్‌లోనే వినొచ్చు. మాట్లాడేవాళ్లు ముందు తమ పేరు, ఊరు చెప్పుకునేవాళ్లు. పర్ధాన్ కాలంలో ఉన్న ఆనవాలు ఫోన్‌లోకి మళ్లీ వచ్చినట్టయింది.

ఇక రాత సంగతి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే పాటే కాదు, పాట కింద పాడినాయన పేరు కూడా మన లిపిలోనే రాసుకునే దారి పడింది.

ఇప్పుడు బాధ కలిగించే మాట. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలో పాడిన డోలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మార్లవాయి కనకరాజు గారు ఎంతోమంది పిల్లలకి గుస్సాడి నేర్పిన గురువు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచిపోయారు. వాళ్ల వీడియోలు ఉన్నాయి, అదే మన అదృష్టం. వాళ్ల పేర్లు దేశానికి తెలిసినై, ఎందుకంటే అవార్డు వచ్చింది. అవార్డు రాని గుమేల తాత సంగతేంది? పెప్రె ఊదే మామ సంగతేంది? వాళ్లు మన ఫోన్లలో పేరు లేకుండా మోగుతున్నరు.

రీల్స్ చూడొద్దని నేను చెప్పట్లేదు. ఊరికి దూరంగా, హాస్టల్ గదిలో ఉన్నోడికి ముప్పై సెకన్ల డప్పు ఎంత ఊరటో నాకు తెలుసు. తెల్లవార్లూ పాడే కథ ముప్పై సెకన్లలో పట్టదు, నిజమే. అయినా ఆ చిన్న ముక్క ఇంటి దారి గుర్తు చేస్తుంది. కానీ దాని మీద సినిమా పాట అతికించి, ఊరు తీసేసి, పేరు తీసేసి పంపితే ఆ దారి చెరిపేసినట్టే.

అందుకే ఒక్కటే మనవి. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు వీడియో తీసేముందు పెద్దలని అడగండి. కొన్ని పూజలు తీయొద్దంటారు, వద్దంటే వద్దు. తీయమంటే, వాళ్ల నోటితోనే పేరు, ఊరు, ఏ సందర్భం అనేది చెప్పించండి. పది సెకన్లు పడుతుంది.

ఇంతకీ ఆ రాత్రి వీడియో సంగతి చెప్పాలె. తమ్ముడు దాన్ని వాళ్ల పెదనాయనకి పంపిండు. రెండు రోజులకి ఫోన్ వచ్చింది. "అరే, అది మన పక్క గూడెం దండారిరా. గుమేల వాయించేది మీ అమ్మకి అన్న వరస అయితడు. నీకు మామనే!"

మళ్లీ ఐదుగురం ఆ వీడియో పెట్టుకున్నం. అదే రెండు నిమిషాలు. ఈసారి తమ్ముడు తెర మీద వేలు పెట్టి "మా మామ" అని చూపిస్తుంటే, మొదటిసారి కన్నా గట్టిగా నవ్వినం.

జోహార్.