తిరువొత్తియూరు బుల్లెట్టు, మైసూరు జావా



మోటారు సైకిళ్లలో క్రూజర్ అని ఒక జాతి ఉంది. సీటు కిందికి, హ్యాండిలు పైకి, పాదాలు కాస్త ముందుకు. వెన్ను నిటారుగా పెట్టుకుని, తొందర లేకుండా దూరం పోయే బండి అది. హోసూరు కానివ్వండి, బళ్లారి కానివ్వండి, బరంపురం కానివ్వండి, మన సరిహద్దు ఊళ్లలో చేతికి అందివచ్చిన కుర్రవాళ్లు చాలామంది ఇప్పుడు ఇలాంటి బండే కావాలంటున్నారు. రెండు లక్షల పైమాట వినేసరికి ఇంట్లో పెద్దవాళ్లు నోట మాట రాక కూర్చుంటున్నారు. ఒక కారు వేరుశెనగ డబ్బంతా ఒక బండికి పోసే ముందు ఆ బండి ఎక్కడ పుట్టింది, ఎందుకలా ఉంది అని తెలుసుకోవడం మంచిది. అందుకని ముందు చరిత్ర చెప్పి, తర్వాత ఎంపిక సంగతికి వస్తాను.

క్రూజర్ పుట్టిల్లు అమెరికా. అక్కడి రోడ్లు వందల మైళ్లు తిన్నగా పోతాయి. మలుపులు తక్కువ, దూరాలు ఎక్కువ. 1903లో మిల్వాకీ పట్టణంలో మొదలైన హార్లే డేవిడ్సన్ కంపెనీ, దానికి పోటీగా ఉండిన ఇండియన్ అనే కంపెనీ ఆ రోడ్లకు తగ్గట్టు పెద్ద ఇంజన్లు, వెడల్పాటి సీట్లు పెట్టాయి. పేరు ఇండియన్ అయినా ఆ కంపెనీకి మన దేశంతో సంబంధం లేదు. 1953లో అది బండ్ల తయారీ ఆపేసింది. 1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమా తర్వాత ఈ తీరు కూర్చోవడమే ఒక ఫ్యాషన్ అయింది. జపాను కంపెనీలు కూడా అదే మూసలో బండ్లు పోయడం మొదలుపెట్టాయి. అమెరికా కథ మనకు ఇంతవరకు చాలు.

మన కథ మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో మొదలవుతుంది. సంగీతం తెలిసిన వాళ్లకు ఈ ఊరు పేరు కొత్త కాదు. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరి అమ్మవారిపై తెలుగులో అయిదు కీర్తనలు రచించారు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు గారిది ఆ ఊరే. అదే ఊళ్లో తర్వాతి కాలంలో ఇనుము మోత మొదలైంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ అనే ఊరి కంపెనీ. 1901లో మొదటి మోటారు సైకిలు చేసింది. బుల్లెట్టు అనే పేరు 1932లో పెట్టింది. స్వతంత్రం వచ్చాక మన సైన్యానికి కొండదారుల్లో, ఇసుకదారుల్లో సరిహద్దు గస్తీ తిరగడానికి గట్టి బండి కావలసివచ్చింది. 1950ల తొలినాళ్లలో 350 సి.సి. బుల్లెట్లు 800 కావాలని ఆర్డరు వెళ్లింది. ఆ ఆర్డరు ఊతంతో 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించాయి. తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండు నుంచి వస్తే ఇక్కడ బిగించేవారు. పోనుపోను అన్నీ ఇక్కడే తయారయ్యాయి. విచిత్రం ఏమిటంటే 1967లో రెడిచ్ కర్మాగారం మూతపడింది, 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండి తయారీయే ఆగిపోయింది. 1977లో మద్రాసు నుంచి ఇంగ్లండుకు బుల్లెట్లు ఎగుమతి కాసాగాయి. పుట్టింటికి మనుమరాలు సారె పట్టుకుని వెళ్లినట్టయింది.

ఆ పాత బుల్లెట్టు అమెరికా లెక్కలో క్రూజర్ కాదు. కానీ మనవాళ్లు దాన్ని వాడుకున్న తీరు మాత్రం అచ్చం క్రూజర్ తీరే. కారణం ఇంజన్లో ఉంది. సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. వెడల్పు తక్కువ, నడక ఎక్కువ. అందువల్ల ఇంజను పరుగెత్తదు, నిదానంగా గట్టిగా తోస్తుంది. మనం డుగ్ డుగ్ అని పిలుచుకునే ఆ చప్పుడు అలా వచ్చిందే. 346 సి.సి. ఇంజనుకు 18 హార్స్‌పవరే అంటే ఈనాటి కుర్రవాళ్లు నవ్వుతారు. గేరు మార్చకుండా ఇద్దరు మనుషుల్నీ ఒక మూటనీ చడావు ఎక్కించే బలం ఆ 18లోనే ఉండేది.

దాన్ని స్టార్టు చేయడం ఒక విద్య. ఎడమచేతి పక్కన డీకంప్రెషర్ అనే చిన్న మీట ఉండేది. దాన్ని నొక్కిపెట్టి, హెడ్‌లైటు మీద ఉన్న ఆంపియర్ మీటరు ముల్లు నడుమకు వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కాలి. అప్పుడు మీట వదిలి, ఒక్క తొక్కు నిండుగా తొక్కాలి. లెక్క తప్పితే కిక్కు వెనక్కి తన్నేది. ఆ దెబ్బకు పిక్క పట్టుకుని కుంటినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి అలవాటైన వాడికి ఇస్తే బ్రేకు అనుకుని గేరు తొక్కేవాడు. అయినా సబ్ ఇన్‌స్పెక్టరు గారు, మోతుబరి రైతు, బస్సు ఓనరు, వీళ్ల ఇళ్లముందు అదే ఉండేది. వస్తున్నది ఎవరో వీధి మలుపు తిరగకముందే తెలిసిపోయేది. 1993లో డీజిలుతో నడిచే 325 సి.సి. బుల్లెట్టు కూడా వచ్చింది. ఆరున్నర హార్స్‌పవర్ మాత్రమే. పాలక్యాన్ల వాళ్లకు, లెక్క చూసుకునే రైతులకు అది నచ్చింది. పొగ నిబంధనలు బిగిసేసరికి ఆ కథ ముగిసింది.

ఇక రెండో కర్మాగారం మైసూరులో. చెక్ దేశంలో యానెచెక్ అనే ఆయన జర్మనీ వాండరర్ కంపెనీ బండి హక్కులు కొని, తన పేరులో సగం, వాళ్ల పేరులో సగం కలిపి 1929లో జావా అని పెట్టాడు. మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ఆ 250 సి.సి. బండ్లు తయారుచేసింది. తర్వాత వాటికే యెజ్డీ అని పేరు పెట్టారు. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. ఇవి టూ స్ట్రోకు బండ్లు; పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, రెండు సైలెన్సర్లు, వెనుక నీలిపొగ. గేరు మీటనే లోపలికి నొక్కి తిప్పితే కిక్కు అయ్యేది. తెలియనివాడు కిక్కు ఎక్కడా అని బండి చుట్టూ వెతుక్కునేవాడు. కోలారు, అనంతపురం మధ్య తిరిగే పట్టు వ్యాపారులకు, కాంట్రాక్టర్లకు బుల్లెట్టు కంటే తేలికైన జావా అంటే ప్రీతి.

రెండు కర్మాగారాలకూ గండం ఒకే దిక్కు నుంచి వచ్చింది. 1973 తర్వాత పెట్రోలు పిరమైంది. 1980ల నడుమ జపాను పొత్తుతో 100 సి.సి. బండ్లు దిగాయి: హోసూరు నుంచి ఇండ్ సుజుకీ, ఉత్తరాది నుంచి హీరో హోండా, యమహా, మహారాష్ట్ర నుంచి కవాసాకీ బజాజ్. లీటరుకు రెట్టింపు దూరం పోయే బండి దొరికితే జీతగాడు బరువు బండిని ఎందుకు మేపుతాడు? పొగ నిబంధనలు, కార్మికుల తగాదాలు కూడా తోడై 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. దాన్ని నమ్ముకుని బతికిన కుటుంబాలు ఆ ఊళ్లో తక్కువేమీ కాదు. బండి పోయిన దుఃఖం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువమంది, పని పోయిన వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువమంది. చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలని నాకనిపిస్తుంది.

తిరువొత్తియూరు మాత్రం బతికింది. 1994లో ఐషర్ కంపెనీ దాన్ని తీసుకుంది. 2000 ప్రాంతంలో అమ్మకాలు నెలకు రెండువేల దగ్గర నిలిచి, మూసేద్దామా అన్న మాట కూడా వచ్చింది. మూయలేదు. 2002లో థండర్‌బర్డ్ పేరుతో క్రూజర్ వాలకం ఉన్న బండి తెచ్చారు. 2009లో క్లాసిక్ వచ్చింది. పాత ఇనుప ఇంజను పోయి కొత్తది చేరింది, నూనె కారడం తగ్గింది. 2014లో ఏడాదికి మూడు లక్షలు దాటి అమ్మారు. అంతలో బజాజ్ కూడా 2001లో ఎలిమినేటర్, 2005లో అవెంజర్ దింపి తక్కువ ధరకు కాళ్లు చాపుకునే బండి రుచి చూపించింది. హార్లే వాళ్లు మన దేశంలో సొంతంగా నడిపి, 2020లో ఆ పని విరమించుకుని హీరో కంపెనీతో పొత్తు కలిశారు. 2023లో 440 సి.సి. బండి తెచ్చారు. జావా పేరు 2018లోనూ, యెజ్డీ పేరు 2022లోనూ తిరిగి వచ్చాయి గాని, అవి మైసూరు బండ్లు కావు, మధ్యప్రదేశ్‌లో తయారవుతున్నవి. పేరొక్కటే పాతది.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. మొట్టమొదట చూడవలసింది సి.సి. కాదు, మీ కాళ్లు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాలి. 220 సి.సి. అవెంజర్ సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు, 350 మీటియర్‌ది 765, క్లాసిక్‌ది 805. పొట్టివాళ్లకు, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు ఈ రెండు మూడు అంగుళాలే ధైర్యం. తర్వాత బరువు. అవెంజర్ 163 కిలోలు, మీటియర్ 191. కదులుతున్నప్పుడు ఈ బరువు తెలియదు. ఇంటిముందు చపటా మీంచి వెనక్కి తోసుకునేటప్పుడు తెలుస్తుంది. దుకాణంలో ఒక్కసారి మీరే తోసి చూడండి. అమ్మేవాడు నేను తోస్తానంటాడు, ఒప్పుకోకండి.

పెట్రోలు లెక్క కూడా వేసుకోవాలి. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 1000 కిలోమీటర్లు. లీటరుకు 35 ఇచ్చే 350 సి.సి. బండికి 29 లీటర్ల దాకా కావాలి. 65 ఇచ్చే చిన్న బండికి 16 లోపు సరిపోతుంది. తేడా నెలకు 13 లీటర్లు. బడికి, బ్యాంకుకు పోయిరావడానికే అయితే ఈ ఖర్చు వృథా. వారానికి రెండుసార్లు వంద కిలోమీటర్ల దారి ఉన్నవాళ్లకు, నడుంనొప్పి ఉన్నవాళ్లకు అర్థం ఉంది. పన్ను విషయం కూడా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు ఉన్న బండ్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది దాటినవాటిపై 40 శాతం. ఒక్క సి.సి. తేడాకు ఇంత తేడా.

ఇంకో మాట. ఈ బండి పెళ్లిపందిట్లోకి కూడా వస్తోంది. అల్లుడి ముచ్చట అంటారు, కానుక అంటారు. అడిగి తీసుకుంటే అది కట్నమే, 1961 చట్టం కింద నేరమే. అప్పు వాయిదాలు మామగారు కడుతుంటే అల్లుడు డుగ్ డుగ్ మనిపించడంలో గొప్పేముందో నాకు తెలియదు.

ఆఖరుగా సరిహద్దువాళ్లకు ప్రత్యేకం. చిత్తూరులో బంధువుల పేరుమీద కొని కోలారులో వాడటం, యానాంలో పన్ను తక్కువని అక్కడ రిజిస్టరు చేయించి కాకినాడలో తిప్పడం మనలో మామూలు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ముందు పాత ఆఫీసు నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం, తర్వాత కొత్త రాష్ట్రపు జీవితకాల పన్ను. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగులు వాపసుకు అక్కడే దరఖాస్తు పెట్టాలి. సెకండ్‌హ్యాండు బండి కొనేవాళ్లు ఈ పత్రం చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. అప్పు తెచ్చి కొన్న బండి అయితే బ్యాంకు వాళ్ల అనుమతి కాగితం కూడా అడగండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంలో ఉన్నవాటితో మీరే అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.