మా ఇంటి పాలగాజు కూజా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో బిల్లులు సరిచూసినవాణ్ణి. కనుక మా ఇంటి చరిత్రనే ఒకసారి సరిచూశాను.

విజయనగరంలో మా పాత ఇంటి గూట్లో జానెడు ఎత్తు గాజు కూజా ఉండేది. పాలలో నీలం కలిపినట్లుండే రంగు, అంచుకు బంగారు పూత. "బొబ్బిలి యుద్ధానికొచ్చిన బుస్సీ దొర ఒగ్గీసి ఎల్లిపోనాడ్రా" అనేది మా నాయనమ్మ. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కాయి. 1757 జనవరి 24న విజయనగర ప్రభువు పెద విజయరామరాజు పక్షాన బుస్సీ బొబ్బిలి కోటను ముట్టడించాడు. ఇంతవరకు నాయనమ్మ లెక్క సరే.

పదవీ విరమణ చేశాక హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు సామాను చూసి, ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఈ రకాన్ని ఓపలైన్ అంటారు. గాజు కరిగేటప్పుడు ఎముకల బూడిద వంటివి కలిపితే పాలరంగు వస్తుంది. అటువంటిదాన్ని వెలుతురుకు అడ్డం పెడితే లోపల ఎర్రజీర కనిపిస్తుంది. ఫ్రాన్సులో ఇది 19వ శతాబ్దంలో వెలిగింది. తొలినాళ్లలో సాదా ఆకారం, నిండు రంగు, బంగారు పూత పూసిన కంచు పట్టీలు. మూడవ నెపోలియన్ చక్రవర్తి కాలానికి (1852–1870) రంగుల పూలు, లతలు చిత్రించిన సామాను బాగా వచ్చింది. దీనికి పేరుపొందిన బకారా కర్మాగారమే 1764లో పుట్టింది. అంటే బొబ్బిలి కోట కూలిన ఏడేళ్లకు! ఇక బుస్సీ చేతిలో ఈ కూజా ఎలా ఉంటుంది?

సరిగ్గా అప్పుడే మా పెద్దవాడు ఒక పాతవస్తువుల వర్తకుణ్ణి తీసుకొచ్చాడు. బుస్సీ కథ విని ఆయన మంచి ధర చెప్పాడు. నేను తేదీలు రెండూ చెప్పేశాను. ధర సగానికి దిగింది, బేరం పోయింది. మావాడు నెల్లాళ్లు ముభావంగా ఉన్నాడు. "మీకెందుకండీ ఆ లెక్కలు?" అంది మా ఇంటావిడ. సర్వీసులో పాస్ చేయని తప్పుడు బిల్లు ఇంట్లో ఎలా పాస్ చేస్తాను?

కూజా ఇంకా గూట్లోనే ఉంది. మనవలకు నాయనమ్మ కథా చెబుతున్నాను, తేదీలూ చెబుతున్నాను. మిత్రులారా, మీ ఇళ్లలోనూ ఇటువంటి వస్తువులు ఉంటాయి. పాత సామాన్లవాడికి వేసే ముందు అవి ఎవరి ద్వారా, ఎప్పుడు వచ్చాయో ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. మన తర్వాత చెప్పేవారుండరు.

సెలవు.