కలపడమా, ముంచడమా?

"అవ్వా, మిక్స్ అన్నా కలపడమే, మెర్జ్ అన్నా కలపడమే. మరి రెండు మాటలెందుకు?" అని మనవడు అడిగేసరికి నేను ఉగ్గాని కలుపుతున్నాను. "ఇదిగో, ఇది మిక్స్. బొరుగు బొరుగులాగే ఉంది, ఎర్రగడ్డ ఎర్రగడ్డలాగే ఉంది" అన్నాను. సంగటి గెలికితే అది బ్లెండు. పిండినీ నూకనూ మళ్ళీ విడదీయడం బ్రహ్మతరం కాదు. మెర్జ్ దగ్గరికొచ్చేసరికి నా వంటిల్లు చాల్లేదు, నిఘంటువు తీయాల్సి వచ్చింది.

లాటిన్‌లో ఆ మాటకు అసలర్థం ముంచడమట! చిన్న హక్కు పెద్ద హక్కులో మునిగి లేకుండా పోతే, మెర్జ్ అయిందన్నారు ఇంగ్లీషు న్యాయవాదులు. వెనక 'విత్' ఉంటే ఇద్దరూ కలిసినట్టు, 'ఇంటూ' ఉంటే ఒకరు ఇంకొకరిలో మునిగినట్టు. మన పత్రికలు రెంటికీ 'విలీనం' అని ఒకే మాట వేసేస్తాయి.

మా కర్నూలు వాళ్ళకు ఈ తేడా చెప్పక్కర్లేదు లెండి. 1948లో బనగానపల్లె సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది. నవాబుగారి రాజ్యం మునిగింది గాని, పేరు మామిడిపండును పట్టుకుని తేలింది!

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కచేరీలు గుడారాల్లో నడిచేవని మా నాయన చెప్పేవారు. గుడారమైతేనేం, రాజధాని! మూడేళ్ళ ఒక నెలకు, 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదయింది. రాష్ట్రానికది 'విత్', కర్నూలుకు మాత్రం 'ఇంటూ' అని నా లెక్క. 2014లో మళ్ళీ విడిపోయాయి కనుక, కలిపింది సంగటి కాదు, ఉగ్గానే అన్నమాట.

ఇక సంగమేశ్వరం. ఏడు నదులు కలిసేచోటని పేరు. 1980ల్లో శ్రీశైలం జలాశయం నిండాక గుడి మునిగింది. ఏటా వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. వేపమాను శివలింగం అలాగే ఉంటుంది. మా పెద్దమ్మ ఊరూ ఆ నీళ్ళలోనే పోయింది, అది మాత్రం తేలదు. ఒక ఎండాకాలం గుడి చూడ్డానికి వెంటబెట్టుకు పోతే, ఆమె దేవుడి వైపు చూడలేదు. నీళ్ళ మీదికి చెయ్యి చాపి, "అదిగో, ఆడ మా చింతచెట్టు" అంది.