ఆంగ్ల పదాల లాటిన్ మూలాలు

ఆంగ్ల పదజాలంలో సగానికి పైగా పదాలు నేరుగా లాటిన్ నుండి గాని, ఫ్రెంచి ద్వారా గాని వచ్చి చేరినవి. అంతమాత్రాన ఆంగ్లం లాటిన్ సంతతి కాదు, అది జర్మానిక్ శాఖకు చెందిన భాష. తెలుగు ద్రావిడ భాషయై ఉండి సంస్కృత పదాలను తత్సమాలుగా స్వీకరించినట్లే ఆంగ్లమూ లాటిన్ పదాలను స్వీకరించింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి ద్వారా అనేక పదాలు ప్రవేశించాయి. సాంస్కృతిక పునరుజ్జీవన కాలంలో పండితులు మరికొన్నిటిని నేరుగా గ్రంథాల నుండి తెచ్చుకున్నారు.

తెలుగువారి వాడుకలో

పల్నాడు గ్రామాలలో పాఠం చెప్పేవారిని మాష్టారు అని, ఇల్లు కట్టే పనివారి పెద్దను మేస్త్రి అని పిలుస్తారు. ఈ రెండు పదాలకూ మూలం ఒక్కటే, లాటిన్‌లోని 'మాగిస్టర్'. ఆంగ్లంలో అది 'మాస్టర్' అయి, బడుల ద్వారా మనకు మాష్టారుగా చేరింది. పోర్చుగీసులో 'మెస్త్రె' అయి, అంతకు ముందే మేస్త్రిగా చేరింది. కోర్టులోని మేజిస్ట్రేటు కూడా ఈ కుటుంబంలోని వాడే. 'టీచరు'కు మాత్రం వీరితో చుట్టరికం లేదు, అది అచ్చమైన జర్మానిక్ పదం.

మాగిస్టర్‌లోని 'మాగిస్' అంటే ఎక్కువ అని అర్థం. దీనికి ఎదురుగా 'మినుస్', అనగా తక్కువ అనే పదం నుండి 'మినిస్టర్' పుట్టింది. దాని తొలి అర్థం సేవకుడు! ఈ సంగతి మన మినిస్టర్లకు ఎవరైనా చెబితే బాగుండును.

పోర్చుగీసు ద్వారా వచ్చిన మరొక పదం అలమర. ఆయుధాలు, పనిముట్లు దాచే చోటును లాటిన్‌లో 'అర్మారియుమ్' అన్నారు. ఆంగ్లంలోని 'ఆర్మీ'కీ ఇదే ధాతువు.

ఒక ధాతువు, అనేక పదాలు

1842లో గుంటూరుకు వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే లూథరన్ మిషనరీ తరువాత గురజాల కేంద్రంగా పల్నాడులో పనిచేశాడు. 'మిషనరీ' అంటే పంపబడినవాడు. పంపు అనే అర్థం గల 'మిత్తెరె' దీనికి ధాతువు. విద్యార్థులు నిత్యం వాడే అడ్మిషను, పర్మిషను, సబ్మిట్ దీని నుండే పుట్టాయి. ఈ ఒక్క ధాతువు తెలిస్తే, 'ట్రాన్స్' అంటే అవతలికి అని గుర్తున్న విద్యార్థికి ట్రాన్స్‌మిటర్ అర్థం బట్టీ పట్టనవసరం లేదు.

పోలికలతో జాగ్రత్త

పోలిక ఉన్నంత మాత్రాన ఎరువు తెచ్చుకున్నట్లు కాదు. సంస్కృత 'పితృ', లాటిన్ 'పాటెర్', ఆంగ్ల 'ఫాదర్' ఒకే ఇండో-యూరోపియన్ మూలం గల సోదర పదాలు. ఆంగ్లం లాటిన్ నుండి తెచ్చుకున్నది 'పేటర్నల్' వంటి పదాలను. పాదిరి అనే మాట మాత్రం పాటెర్ నుండి పోర్చుగీసు మీదుగా వచ్చినదే.

ఎదురు ప్రయాణం

పొలం గట్లను తవ్వి రైతును ఏడిపించే పందికొక్కు ఆంగ్లంలో 'బాండికూట్' అయింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆ ప్రజాతికి 'బాండికోటా' అని లాటిన్ రూపంలో శాస్త్రీయ నామం పెట్టాడు. ఆస్ట్రేలియాలో ఇదే పేరుతో పిలిచే జంతువులు ఎలుక జాతివి కావు, కడుపు సంచిలో పిల్లలను మోసేవి.