ఉచిత యాప్, స్వేచ్ఛా యాప్: బస్తర్ గోండీ అనుభవం

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న మాట డబ్బు అక్కర్లేనిదానికీ, కట్టుబాటు లేనిదానికీ ఒక్కటే. తెలుగుకు ఈ చిక్కు లేదు; ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు కోరింది స్వేచ్ఛను: ప్రోగ్రాము సోర్సు కోడ్‌ను చదివే, మార్చే, పంచే హక్కు. 1989 నాటి జీపీఎల్ లైసెన్సు ఆ హక్కును చట్టం భాషలో రాసింది. ఈ రెండింటి మధ్య గీత ఫోన్లలో ఎలా చెరిగిందో, బస్తర్‌లోని గోండీ భాషకు దాంతో ఏం పనో ఈ పాఠంలో చూద్దాం.

2008లో ఆపిల్ యాప్ స్టోరు, ఆండ్రాయిడ్ మార్కెట్టు మొదలయ్యాయి. ఈ అంగళ్ళలో యాప్ ధర కనిపిస్తుంది. లైసెన్సు పేరుకు చోటు లేదు. కీబోర్డునే తీసుకోండి. ఆండ్రాయిడ్‌తో పాటు కోడ్ విడుదలైన కీబోర్డు ఆధారంగా స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం ఇండిక్ కీబోర్డును తయారుచేసింది. అందులో తెలుగూ ఉంది. గూగుల్ జీబోర్డు కోడ్ మూసి ఉంది. స్టోరులో రెండూ సున్నా ధరకే దొరికాయి. వాడేవారికి తేడా ఎలా తెలుస్తుంది?

ఆపిల్ దగ్గర తగాదా మరో రకం. స్టోరు షరతులు జీపీఎల్‌తో పొసగవని వీఎల్‌సీ రచయితల్లో ఒకరు అభ్యంతరం చెప్పారు. 2011 జనవరిలో ఆ యాప్‌ను తీసేశారు. 2013లో మరో లైసెన్సును జోడించుకున్నాకే అది తిరిగి వచ్చింది. అంగడి కోసం హక్కుపత్రాన్ని సవరించుకోవలసి రావడం చిన్న సంగతేమీ కాదు.

ఇక బస్తర్. గోండీ తెలుగుకు దగ్గరి ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం మాట్లాడేవారు దాదాపు 29.8 లక్షలు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మాత్రం లేదు. వ్యాపారులకు ఆసక్తి లేని చోట ఎవరో ఒకరు పూనుకోవాలి. 2010లో శుభ్రాంశు చౌధరి ప్రభృతులు ప్రారంభించిన సీజీనెట్ స్వరలో మామూలు ఫోనుతోనే వార్త చెప్పవచ్చు, వినవచ్చు. దాన్ని ఆస్టరిస్క్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నిర్మించారు. 2018లో సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, నయా రాయపూర్ ట్రిపుల్ ఐటీ కలిసి, గోండీ రాతను చదివి వినిపించే 'ఆదివాసీ రేడియో' అనే ఆండ్రాయిడ్ యాప్‌ను తెచ్చాయి.

యాప్ ఒకసారి చేస్తే అయిపోదు. కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు సవరించని యాప్‌లను కొత్త ఫోన్లవారికి చూపబోమని గూగుల్ 2022లో ప్రకటించింది. ఎక్కడైనా నిధులు అయిపోతే? కోడ్, లైసెన్సు తెరిచి ఉంటే జగదల్‌పూర్ కళాశాల విద్యార్థి అయినా పని అందుకోగలడు. ఉత్త ఉచితమే అయితే చేసినవారి కోసం ఎదురుచూడాలి. ఏది ఏ కోవదో స్టోరు పుట చెప్పదు.

పుస్తకాల విషయంలో ఈ జాగ్రత్త పడ్డారు. అదే 2018లో గోండీ మాట్లాడేవారు కలిసి కూర్చొని సుమారు 200 పిల్లల కథలను అనువదించారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో అవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో చేరాయి. కొంటాలో ఎవరైనా ఒక కథను దోర్లీలోకి మార్చి అచ్చువేసుకోవచ్చు. ఆ అనుమతి కథ చివరి పుటలోనే రాసి ఉంటుంది.