బెనెట్ పెల్ పెట్టిన యాభై ఫోన్లు

అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1878 జనవరిలో ప్రపంచంలోనే మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి తెరుచుకుంది. చందాదారులు 21 మంది. మరుసటి ఏడాదే, సగం భూగోళం అవతల సింగపూర్‌లో, బెనెట్ పెల్ అనే అతను 50 లైన్లతో సొంతంగా ఒక ఎక్స్ఛేంజి పెట్టాడు. తూర్పు దేశాల్లో టెలిఫోన్ సేవ మొదలైన మొదటి ఊరు సింగపూరే. గ్రాహం బెల్‌కి పేటెంటు దక్కి అప్పటికి మూడేళ్లు.

పెల్ ఉద్యోగం ఫోన్లది కాదు, తంతిది. ఈస్టర్న్ ఎక్స్‌టెన్షన్ టెలిగ్రాఫ్ కంపెనీకి సింగపూర్‌లో మేనేజరు. అంటే తీగలు, బ్యాటరీలు, తెగిన తీగను అతకడం తెలిసిన పనివాళ్లు అతని చేతికింద ముందే ఉన్నారు. ఊళ్లో ఏ వర్తకుడు కబురు కోసం ఎంత ఖర్చు పెడతాడో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసే వీలు లేదు. మరి ఆ తంతి సింగపూర్‌కి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒక చెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మలయా అడవుల్లో పెరిగే ఆ చెట్టు పాలు గడ్డకడితే గట్టా పెర్చా. మలయ్ భాషలో గెతా అంటే జిగురు. వేడినీళ్లలో వేస్తే పిండిలా మెత్తబడుతుంది, చల్లారితే కొయ్యలా బిగుసుకుంటుంది. అక్కడివాళ్లు దానితో కత్తులకు పిడులు చేసుకునేవారు. సింగపూర్‌లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన విలియం మాంట్‌గామరీ ఆ పిడులు చూసి, 1843లో నమూనాలు లండన్‌కి పంపాడు. అదే ఏడాది అదే జిగురును అక్కడికి చేర్చినవాడు ఇంకొకడున్నాడు: జోజే ద అల్మెయిదా. పోర్చుగీసు వైద్యుడు, 1825లో సింగపూర్‌లో స్థిరపడి వైద్యం కంటే వ్యాపారంలో ఎక్కువగా తేలాడు. పత్తి తోటలు వేసి చేతులు కాల్చుకున్నాడు గానీ, అతను మోసుకెళ్లిన జిగురు మాత్రం ప్రపంచాన్ని కట్టేసింది.

ఎందుకంటే రాగి తీగను సముద్రంలో ముంచితే కరెంటు నీళ్లపాలవుతుంది. దాన్ని ఆపగల తొడుగు కోసం వెతుకుతున్న ఐరోపాకి ఉప్పునీళ్లలో పాడవని ఈ జిగురు దొరికింది. 1851లో ఇంగ్లిష్ ఛానెల్ అడుగున, 1866లో అట్లాంటిక్ అడుగున పరిచిన కేబుళ్లకు ఇదే తొడుగు. ఫలితం చెట్టు మీద పడింది. రబ్బరు చెట్టులా గాటు పెడితే దీనికి పాలు సరిగా కారవు. చెట్టునే నరికి, మాను పొడవునా గాట్లు పెట్టి పిండుకున్నారు. 1850ల చివరికే సింగపూర్ దీవిలో ఆ చెట్లు దాదాపు కనుమరుగయ్యాయి. గొడ్డళ్లు జొహోర్‌కీ సుమత్రాకీ బోర్నియోకీ వెళ్లాయి. కేబుళ్ల చరిత్ర రాసేవాళ్లు ఓడల పేర్లు వరసగా అప్పజెబుతారు, ఆ అడవిని మాత్రం ఒక్క వాక్యంతో దాటేస్తారు. గట్టా పెర్చా ఇప్పటికీ ఉంది. రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ల పంటి వేరులో డాక్టరు కూరేది సాధారణంగా అదే.

తొడుగు సింగపూర్ నుంచి వెళ్లినా కేబుల్ సింగపూర్‌కి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1859లో డచ్చివాళ్లు బటావియా నుంచి (ఇప్పటి జకార్తా) ఒక తీగ లాగారు. ఓడల లంగర్లు తగిలి పదేపదే తెగుతుంటే చివరికి వదిలేశారు. నిలబడిన కేబుల్ మన వైపు నుంచే వచ్చింది. మద్రాసు నుంచి పెనాంగ్‌కి, అక్కడి నుంచి సింగపూర్‌కి, 1871 జనవరి నాటికి. లండన్ కబురు బొంబాయి దాకా చాలావరకు సముద్రం కింద, బొంబాయి నుంచి మద్రాసుకి నేల మీది స్తంభాల వెంట, మళ్లీ మద్రాసులో నీళ్లలోకి దిగి సింగపూర్ చేరేది. అంతకుముందు ఓడ మీద వారాల తరబడి సాగిన మాట అది. ఆ కేబుళ్ల వెనక జాన్ పెండర్ ఉన్నాడు. స్కాట్లండ్‌లో పుట్టి, మాంచెస్టర్‌లో బట్టల వ్యాపారం చేసి, సముద్రాల కింద తీగలు పరిచి రాజ్యమేలినవాడు. 1873లో ఈ ప్రాంతపు మూడు కేబుల్ కంపెనీలను కలిపి అతను చేసిందే పెల్ పనిచేసిన ఈస్టర్న్ ఎక్స్‌టెన్షన్.

ఒకప్పుడు మన పల్లెల్లో టెలిగ్రామ్ అంటే చావు కబురు. సింగపూర్ రేవులో అది ధరల కబురు. మాటకింత అని వసూలు చేసేవారు కాబట్టి వర్తకులు కోడ్ పుస్తకాలు కొనుక్కుని ఒక్క మాటలో ఒక వాక్యాన్ని ఇరికించేవారు. అయితే అంత డబ్బు పోసి లండన్ నుంచి తెప్పించుకున్న కబురు, తంతి ఆఫీసు గుమ్మం దాటాక జవాను కాళ్ల మీద నడిచి వెళ్లాల్సిందే. సూయజ్ కాలువ తెరిచాక పొగ ఓడలు పెరిగాయి. బొగ్గు తాంజోంగ్ పగార్ రేవులో, దుకాణాలు రాఫిల్స్ ప్లేస్‌లో, గోదాములు నది ఒడ్డున. ఈ నడక దూరాన్నే పెల్ అమ్మకానికి పెట్టాడనుకోవచ్చు. యాభై లైన్లంటే ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటుకి చాలవు. కానీ యాభై మందిలో ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడొచ్చంటే జతలు 1225!

సొంత వ్యాపారం ఎక్కువ కాలం సొంతంగా ఉండలేదు. లండన్‌లో 1881లో పుట్టిన ఓరియంటల్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ కొద్దికాలానికే దాన్ని చేజిక్కించుకుంది. 1882 జనవరి 28న మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు ఫోన్ తెచ్చిందీ ఆ ఓరియంటల్ వాళ్లే. మద్రాసు కేబుల్ పెల్ ఫోన్ల కంటే ఎనిమిదేళ్లు ముందే వచ్చింది గానీ, ఫోన్ దగ్గర సింగపూరే మద్రాసుని మూడేళ్లు వెనక్కి నెట్టింది. ఇదంతా ఒక మేనేజరు చొరవ.

ఓరియంటల్ సింగపూర్‌లో 1954 ఆఖరు దాకా ఏలింది. 1955 జనవరి 1న సింగపూర్ టెలిఫోన్ బోర్డు పగ్గాలు అందుకుంది. 1974లో బోర్డు ప్రభుత్వ టెలికం సంస్థలో కలిసింది, 1992లో అది సింగ్‌టెల్ కంపెనీ అయింది. 1997లో ఎమ్‌వన్, 2000లో స్టార్‌హబ్ వచ్చి మొబైల్ పోటీ మొదలైంది. ఆ పోటీ పండగ చేసుకున్నది లిటిల్ ఇండియాలో. షిప్‌యార్డుల్లో, కట్టడాల దగ్గర పనిచేసే తమిళ, తెలుగు, బంగ్లా కార్మికులు ఆదివారం సెరంగూన్ రోడ్డుకి వచ్చి, ఇంటికి డబ్బు పంపి, ఫోన్ కార్డు కొని, గీకి, నంబరు నొక్కి ఇంటివాళ్లతో మాట్లాడేవారు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయన్న బెంగతో సగం మాటలు, బెంగ లేనట్టు నటిస్తూ మిగతా సగం. వాట్సాప్ వచ్చాక ఆ బేరం పడిపోయింది.

పెల్ దారిలో వలస వచ్చిన టెలికం వ్యాపారి మన రోజుల్లోనూ ఉన్నాడు. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో భారతదేశపు మొదటి మొబైల్ కాల్ మాట్లాడారు. ఆ నెట్‌వర్కు మోదీ టెల్‌స్ట్రాది. అందులో భాగస్వామి అయిన భూపేంద్ర కుమార్ మోదీ తర్వాత స్పైస్ టెలికం నడిపి, 2008లో దాన్ని ఐడియాకి అమ్మి, సింగపూర్‌కి మకాం మార్చి అక్కడి పౌరుడయ్యాడు. సింగపూర్‌లో ఇంటర్నెట్ ఫోన్ల కంపెనీ మీడియారింగ్‌లో వాటా తీసుకున్నాడు. అది స్పైస్ ఐటుఐ అయింది.

ఐటుఐ అనే పేరు అంతకుముందే ఒక కేబుల్‌ది. మన దేశపు టెలికం కంపెనీ భారతి, సింగ్‌టెల్ చెరిసగం పెట్టుబడితో 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం అడుగున దాదాపు 3,200 కిలోమీటర్ల గాజు తీగ పరిచాయి. 1871 నాటి రాగి తీగ కలిపిన ఊళ్లే అవి. దీని తొడుగు మాత్రం పాలిథీన్.